తలుపు ఒకరిది, తాళంచెవి ఇంకొకరిది

చాలా కంపెనీల్లో ఫైర్‌వాల్ నెట్‌వర్క్ వాళ్ళ పని, సర్వీస్ అకౌంట్లు డేటాబేస్ వాళ్ళ పని. నేను చూసిన చిక్కులు చాలావరకు ఈ పంపకంలోనే పుట్టాయి. లోపలికి ఎవరు రావచ్చో చెప్పేది ఫైర్‌వాల్. వచ్చినవాడు ఎంత దూరం పోగలడో తేల్చేది సర్వీస్ అకౌంటు. ఈ రెంటినీ కలిపి చూడాలన్నదే ఈ వ్యాసం సారాంశం.

ముందు తలుపు సంగతి. 2003 జనవరి 25న స్లామర్ అనే వర్మ్ ఇంటర్నెట్‌ను చుట్టేసింది. దాని పరిమాణం 376 బైట్లు మాత్రమే! మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉన్న యంత్రాల్లోకి యూడీపీ 1434 పోర్టు గుండా దూరింది. విరుగుడు ప్యాచ్ అంతకు ఆర్నెల్ల ముందే, 2002 జులైలో వచ్చింది. అది వేసుకోకపోయినా, ఆ పోర్టును బయటికి మూసి ఉంచినవారి జోలికి ఇంటర్నెట్ నుంచి నేరుగా రాలేకపోయింది.

విండోస్ సర్వర్ 2008 నుంచి ఫైర్‌వాల్ మొదటినుంచే పనిచేస్తూ వస్తోంది. అయినా అప్లికేషన్ కదలకపోతే చాలామంది ముందు చేసేది దాన్ని ఆపెయ్యడమే. అలా ఆపే బదులు, వదిలేసిన ప్యాకెట్లను లాగ్‌లో రాయించండి. మామూలుగా ఆ సౌకర్యం ఆపి ఉంటుంది. ఏ పోర్టు దగ్గర ఆగిందో లాగే చెబుతుంది. తర్వాత ఆ ఒక్క పోర్టును, ఉదాహరణకు టీసీపీ 1433ను, అప్లికేషన్ సర్వర్ చిరునామాకు మాత్రమే తెరవండి. ఎవరడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా అన్నది ఆ రూల్ వివరణలోనే రాసిపెట్టండి.

ఇక తాళంచెవి. నాకు తెలిసిన ఒకచోట బ్యాకప్ సర్వీసు డొమైన్ అడ్మిన్ అకౌంటుతో నడిచేది. దాన్ని పెట్టిన కాంట్రాక్టరు ప్రాజెక్టు ముగిసి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక పాస్‌వర్డు మార్చాలి కదా? ఎవరూ ముట్టుకోలేదు. ఆ అకౌంటు ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో తెలియదు, మారిస్తే ఏది ఆగుతుందోనన్న భయం. రాత్రి సపోర్టు చూసే హైదరాబాదు బృందానికీ ఆ పాస్‌వర్డే ఇచ్చారు. కాంట్రాక్టుల మీద ఊళ్ళు మారే మనవాళ్ళకు ఇది కొత్త కథేమీ కాదు.

ఇందులో ప్రమాదం చిన్నది కాదు. యాక్టివ్ డైరెక్టరీలో మామూలు యూజరెవరైనా ఒక సర్వీసుకు కెర్బరోస్ టికెట్ అడగవచ్చు. ఆ టికెట్‌లో కొంత భాగం సర్వీస్ అకౌంటు పాస్‌వర్డు నుంచి పుట్టిన కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాన్ని తీసుకుపోయి, తీరిగ్గా తన యంత్రం మీద పాస్‌వర్డు ఊహించుకోవచ్చు. దీనికే కెర్బరోస్టింగ్ అని పేరు. అడిగిన తీరు సక్రమమే కాబట్టి ఫైర్‌వాల్ అడ్డుపడదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాగన్నమాట.

విండోస్ సర్వర్ 2012తో వచ్చిన గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు దీనికి మంచి మందు. పాస్‌వర్డును డొమైనే తయారుచేసి, మామూలుగా 30 రోజులకోసారి తానే మారుస్తుంది. ఏ మనిషీ దాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వెంట తీసుకుపోనూ లేడు. ఇది కుదరని పాత సర్వీసులకు పొడవాటి పాస్‌వర్డు పెట్టి, అవసరమైన హక్కులే ఇచ్చి, ఆ అకౌంటుతో మనుషులు లాగిన్ కాకుండా కట్టడి చెయ్యండి.

ఈ వారం ఒక్క సర్వర్ తీసుకోండి. తెరిచివున్న పోర్టులు ఒకవైపు, ఒక్కో సర్వీసు ఏ అకౌంటుతో నడుస్తోందో రెండోవైపు రాయండి. పోర్టు అందరికీ తెరిచి, దాని వెనక సర్వీసు అడ్మిన్ హక్కులతో నడుస్తున్న వరుస ఏదైనా కనిపిస్తే, మీ పని అక్కడ మొదలుపెట్టండి.