ఆగిపోవు కంప్యూటరు

పాత కంప్యూటరునకు కొత్త ప్రాసెసరునో గ్రాఫిక్స్ కార్డునో అమర్చి, ఇక పని చకచక సాగునని సంతోషించుచున్న తరుణమున, తటాలున తెర నల్లనై, ఫ్యానులు నిలిచి, యంత్రము మూగపోవుట చూచినవారు పెక్కుమంది కలరు. కొన్న భాగమే చెడినదని తలచి దుకాణమునకు పరుగెత్తుట సహజము. అయితే ఈ ఆగిపోవుట చాల సందర్భములలో యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై చేయు పని. అది ఎంత త్వరగా, ఏ చిహ్నములతో జరిగినదో శ్రద్ధతో గమనించువారికి, స్క్రూడ్రైవరు చేత బట్టకమునుపే కారణములో సగము తెలిసిపోవును.

కంప్యూటరు గ్రహించు విద్యుచ్ఛక్తి, అది లెక్కలు కట్టినను చిత్రములు గీసినను, తుదకు ఉష్ణముగానే పరిణమించును. 2022లో వెలువడిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె ప్రాసెసరు పూర్తి వేగమున 253 వాట్ల వరకు గ్రహించును. ఆ వేడిమి యంతయు వెలువడు సిలికాన్ ఫలకము వైశాల్యమో, సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుపలకపై చదరపు సెంటీమీటరునకు ఐదారు వాట్లు పడుచుండగా, ఇచట దాదాపు 100 వాట్లు పడుచున్నవి. 65 వాట్ల ప్రాసెసరుతో వచ్చిన చిన్న అల్యూమినియం కూలరును అట్లే యుంచి, దాని క్రింద 125 వాట్ల ప్రాసెసరును చేర్చినచో, ఆ కూలరు తన శక్తికి మించిన భారమును మోయవలసివచ్చుచున్నది.

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసరులలో పెక్కింటికి 100 డిగ్రీల సెంటీగ్రేడు హద్దు, ఏ.ఎం.డి. రైజెన్ 7000 శ్రేణిలో చాలవాటికి 95. ఆ హద్దు తాకగానే ప్రాసెసరు ముందు తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని తాపము ప్రమాదకరముగా పెరుగుచునే యున్నచో, విండోస్ ప్రమేయము లేకయే మదర్‌బోర్డునకు సంకేతమంపి విద్యుత్తును త్రెంపించును. కావున వేడివలన ఆగు యంత్రము సాధారణముగా ఆగుటకు ముందు మందగించును; దాని ఫ్యాను హోరెత్తును.

వేడి యెక్కిన వేగము మరింత విలువైన సాక్ష్యము. ఒక గ్రాము అల్యూమినియమును ఒక డిగ్రీ వేడెక్కించుటకు సుమారు 0.9 జౌళ్లు కావలయును. 300 గ్రాముల కూలరునకు డిగ్రీకి 270 జౌళ్లు. ప్రాసెసరు క్షణమునకు 100 జౌళ్ల చొప్పున ఇచ్చినను, గాలిలో కలియు వేడిని విడిచివేసి లెక్కించినను, ఆ లోహము 60 డిగ్రీలు పెరుగుటకు రెండున్నర నిమిషములకు పైగా పట్టును. అట్లుండగా పది క్షణములలో మీటరు 95 చూపినదన్నచో, ఆ వేడి లోహమును చేరుటయే లేదన్నమాట. విజయవాడలో నేనెరిగిన ఒక డి.టి.పి. కేంద్రమున, ప్రాసెసరు మార్పించిన నాటినుండి యంత్రము బయాస్ తెరమీదనే 90 దాటి ఆగిపోవుచుండెను. అప్పుడు కూలరు రేకులపై వ్రేలుంచగా అవి చల్లగా నుండెను! కూలరును విప్పి తిరుగవేయగా, అడుగున అంటియున్న పలుచని ప్లాస్టిక్ పొర, దానిపై ఈ పొరను ఊడదీయుడని చెప్పు ఇంగ్లీషు అక్షరములు, వాటి మీదుగా గుండ్రని పేస్టు మరక కనబడినవి. పొర తీసి, కొత్త పేస్టు వేసి బిగించుటతో ఆ యంత్రము చక్కబడినది.

నునుపుగా దోచు రెండు లోహతలముల నడుమ కంటి కానని గుంతలలో గాలి నిలుచును. ఆ గాలి ఉష్ణవాహకతలో రాగికంటె పదునైదు వేల రెట్లు అధమము. ఆ గాలిని వెడలగొట్టుటయే పేస్టు పని. పేస్టు కూడ రాగికి చాల దిగువనే కనుక మందముగా పూసిన లాభము లేదు. నాలుగు పిన్నులలో ఒకటి సరిగా దిగక కూలరు ఒరిగినను ఇదే దుర్గతి. పేస్టు ముద్ర ఒకవైపు పలుచగను మరొకవైపు దట్టముగను ఉన్నచో ఒరిగినదని తెలియును.

పదునైదు, ఇరువది నిమిషములకు మెల్లగా తాపము పెరిగినచో దోషము క్యాబినెట్టులోని గాలి రాకపోకలదై యుండును. 200 వాట్లకు మించిన గ్రాఫిక్స్ కార్డు అదే డబ్బాలోనికి వేడిగాలిని విడుచుచుండగా, ప్రాసెసరు కూలరు ఆ గాలినే పీల్చుకొనవలసి యున్నది. ప్రక్కపలక తీసి అదే పని చేయించి చూడవలెను. తాపము గణనీయముగా దిగినచో ఫ్యానులును ధూళియు విచారింపదగినవి. చల్లని గదులలో, 22 డిగ్రీలకడ పరీక్షించి చెప్పిన అంకెలను నమ్మి, మే నెలలో ఏ.సి. లేని మన గదిలో అవే రావలెననుట న్యాయము కాదు: గది 40 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు తాపమును దాదాపు ఆ వ్యత్యాసము మేరకే పెరుగును.

ఇక మందగింపు లేక, తాపము 65 డిగ్రీలైన దాటక, ఆట నడుమ యంత్రము ఠక్కున ఆగినచో అనుమానము ఎస్.ఎం.పి.ఎస్. మీదికి, అనగా భాగములన్నిటికి విద్యుత్తు నందించు పవర్ సప్లై మీదికి, పోవలెను. నేటి పెద్ద గ్రాఫిక్స్ కార్డులు లిప్తకాలము తమ నిర్ణీత వాట్లకంటె చాల హెచ్చుగా లాగును. 2022 నాటి ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణము, 450 వాట్లకు మించి, కొత్త గ్రాఫిక్స్ కనెక్టరు గల సప్లైలు 100 మైక్రోసెకనుల పాటు తమ సామర్థ్యమునకు రెట్టింపు భారమును సహింపవలెనని విధించినది ఇందులకే. భారము మీరి, తన లోపలి రక్షణ వలయము విద్యుత్తును త్రెంచిన సప్లై పెక్కుసార్లు గోడ స్విచ్చి ఆపి మరల వేయుదాక మేల్కొనదు. వేడికి ఆగిన యంత్రమో, చల్లారిన పిమ్మట మామూలుగా లేచి, వెంటనే లేపినచో మునుపటికంటె త్వరగా ఆగును. విండోస్ ఈవెంట్ వ్యూయరులో కనబడు కెర్నల్-పవర్ 41 అను పంక్తిని చూచి సప్లైని నిందించుట తొందరపాటు. యంత్రము క్రమముగా మూయబడలేదని మాత్రమే అది చెప్పును. ప్రాసెసరునకు ఒంటరిగా, కార్డునకు ఒంటరిగా, పిదప రెండింటికి ఒకేసారి భారము పెట్టి, తాపములను వ్రాసికొనిన కాగితము దానికంటె నమ్మదగినది.

పాఠకులారా, కూలరును, ఫ్యానులను మీరే విప్పి చూడవచ్చును గాని, ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రము విప్పకుడు: ప్లగ్గు తీసిన తరువాతను దాని కెపాసిటరులలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతకాలము నిలిచియుండగలదు.