దడ మాత్ర ఇంకెక్కడెక్కడికి పోతుంది?

గుండె దడ డాక్టరు ముందు నిలబడదు. "గుండి దబదబ కొట్టుకుంటా ఉండాది" అని రాత్రంతా లేచి కూర్చున్న మనిషి తెల్లారి కుప్పంలో రైలెక్కుతాడు. బెంగళూరు చేరి ఈసీజీ బల్ల మీద పడుకునేసరికి నాడి 72 దగ్గర బుద్ధిగా నడుస్తూ ఉంటుంది. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండెలో ఈసీజీ కాగితం మీద పడేది 10 సెకన్ల ముక్క. అందులో ఏమీ దొరక్కపోతే "నీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అంటారు. ఆ మాట కొందరిని దడకన్నా ఎక్కువ బాధ పెడుతుంది. ఒంటికి తగిలించుకుని తిరిగితే 24 గంటలూ గుండె లయను రాసుకునే హోల్టర్ యంత్రం ఈ చిక్కు కోసమే పుట్టింది. దడ వస్తున్నప్పుడే దగ్గరలో ఈసీజీ తీయించుకోగలిగితే మరీ మేలు. కుప్పంలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఆ ఒక్క కాగితం కోసం బెంగళూరు దాకా పోనక్కర్లేదు.

చాలామందిలో దొరికేది తొందరపడిన ఒక దెబ్బ. గుండెలో కుడివైపు పై గదిలో ఉండే చిన్న కణాల గుంపు ప్రతి దెబ్బకూ ఆదేశం ఇస్తుంది. ఒక్కోసారి దాని మాట రాకముందే మరోచోటి కణాలు ముందుకు దూకుతాయి. ఆ తర్వాత గుండె కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, ఆ ఆగినంతసేపూ రక్తం నిండుతుంది, తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. "ఆగిపోయి మళ్లీ గుద్దినట్టు" అనిపించేది అందుకే. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, థైరాయిడ్ పెరిగినా ఇవి ఎక్కువవుతాయి. ఆరోగ్యమైన గుండెలో వీటికి మందే అక్కర్లేకపోవచ్చు. పై గదులు లయ తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ సంగతి వేరు. అందులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

దడ నిజంగానే ఇబ్బంది పెడుతుంటే తరచుగా రాసేవి బీటా బ్లాకర్లు: ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్. వీటికి ఆద్యుడు స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్. గుండెకు రక్తం చాలక నొప్పి వచ్చేవాళ్లకు రక్తం ఎక్కువ పంపే దారి వెతుకుతున్న కాలమది. బ్లాక్ తిరగేసి ఆలోచించాడు. గుండె చేత తక్కువ పని చేయిస్తే దానికి కావలసిన ఆక్సిజనే తగ్గుతుంది కదా? భయమేసినప్పుడూ పరుగెత్తినప్పుడూ అడ్రినలిన్ గుండె కణాల మీది బీటా గ్రాహకాలకు తగులుకుని వేగం పెంచుతుంది. ఆ చోటును ముందే ఆక్రమించే మందు తయారుచేశాడు. ప్రొప్రనొలాల్ గురించి 1964లో లోకానికి తెలిసింది, 1988లో బ్లాక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ గ్రాహకాలు గుండెలో మాత్రమే ఉండుంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. అవి ఊపిరి గొట్టాల్లో ఉన్నాయి, రక్తనాళాల్లో ఉన్నాయి, కాలేయంలోనూ ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకితే మన బోరు మోటారు ఒక్కటే ఆగదు, ఆ లైనులో ఉన్నవన్నీ ఆగుతాయి. బీటా బ్లాకర్ వేసుకున్నవాళ్లకు చేతులు చల్లబడడం, మెట్టెక్కితే అలసట, కొందరికి పీడకలలు ఇలా వచ్చేవే. సైడ్ ఎఫెక్ట్ అంటే మాత్రలో కలిసిన విషమని మనవాళ్లు భయపడతారు. చాలావరకు అది మందు తన పనే మనం అడగని చోట చేయడం. ఇలా చూస్తే భయం తగ్గి, డాక్టరుకు ఏం చెప్పాలో తెలుస్తుంది.

కుప్పం, పలమనేరు వైపు దీనికి మంచి ఉదాహరణ పట్టుపురుగుల పెంపకం. పురుగు చిలకగా మారి బయటికి వచ్చినప్పుడు రెక్కల నుంచి రాలే పొలుసు, గూళ్ల దుమ్ము కొందరి ఊపిరితిత్తులకు పడవు. పట్టు పనివాళ్లలో ఆస్తమా వైద్యులకు కొత్తేమీ కాదు. పిల్లికూతలతో ఆయాసపడే మనిషి సాల్బుటమాల్ పీల్చే మందు వాడతాడు. అది ఊపిరి గొట్టాల్లోని బీటా గ్రాహకాలను తట్టి వాటిని తెరుస్తుంది. కొంత గుండెనూ తడుతుంది కనుక దడ పుడుతుంది. ఆ దడ గురించి మాత్రమే చెప్పి, ఆస్తమా మాట ఎత్తకుండా ఇంకో డాక్టరు దగ్గర ప్రొప్రనొలాల్ రాయించుకుంటే ఆ గొట్టాలు మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. బిసొప్రొలాల్ లాంటివి గుండె మీదే ఎక్కువ పనిచేస్తాయి గానీ మోతాదు పెరిగితే ఆ ఎంపిక సడలుతుంది. "ఏం పని చేస్తావు?" అని డాక్టరు అడక్కపోయినా పట్టుగూళ్ల మాట చెప్పాలి.

షుగరు ఉన్నవాళ్లకు మరో చిక్కు. చక్కెర పడిపోయేటప్పుడు ముందుగా హెచ్చరించేవి దడా వణుకే. బీటా బ్లాకర్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. మందు మొదలైన తర్వాత ఆ చెమటనే గుర్తుగా పెట్టుకోవాలి.

మొండి దడలకు ఇచ్చే అమియోడరోన్ కథ ఇంకా విచిత్రం. 1960ల మొదట్లో బెల్జియంలో దీన్ని గుండెనొప్పి కోసం తయారుచేశారు. 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాములు అయొడినే. అందులో ఒంట్లోకి విడుదలయ్యేది 6 మిల్లీగ్రాముల పైచిలుకు, మనిషికి రోజుకు కావలసింది 0.15. థైరాయిడ్ అటో ఇటో తప్పడంలో ఆశ్చర్యం లేదు. అది అతిగా పెరిగితే మళ్లీ దడే! అందుకే థైరాయిడ్, కాలేయ పరీక్షలు ఆరు నెలలకోసారైనా ఉండాలి. ఎండకు చర్మం కమిలే గుణం కూడా దీనికి ఉంది. పొలంలో దిగేవాళ్లు నిండు చేతుల చొక్కా, తలగుడ్డ వదలకూడదు. కొవ్వులో దాక్కుని నెలల తరబడి ఉంటుంది కనుక ఆపిన మర్నాడే దీని ప్రభావం పోదు.

మదనపల్లె టమోటాకూ ఇందులో పాత్ర ఉంది. గుండె లయ పొటాషియం మీద ఆధారపడుతుంది, ఎక్కువైనా తక్కువైనా తప్పుతుంది. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని మూత్రంలో పంపేసి దడ తేవచ్చు. స్పైరొనొలాక్టోన్, రామిప్రిల్ అనే మాత్రలు దాన్ని ఒంట్లోనే నిలుపుతాయి. 100 గ్రాముల టమోటాలో సుమారు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, టెంకాయ నీళ్లలోనూ బాగానే ఉంటుంది. మూత్రపిండాలు బాగున్నవాళ్లు సంగటిలోకి టమోటా పప్పు మానక్కర్లేదు. అవి దెబ్బతిని, స్పైరొనొలాక్టోన్ గానీ రామిప్రిల్ గానీ వాడుతున్నవాళ్లు మాత్రం రక్తపరీక్ష చూపించుకుని అడగాలి. ధర లేక రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో ఇంటినిండా టమోటానే కదా.

మాత్ర పడలేదని చటుక్కున మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బీటా బ్లాకర్ వాడినన్నాళ్లూ గుండె కణాలు గ్రాహకాల సంఖ్య పెంచుకుని ఉంటాయి. ఉన్నట్టుండి ఆపితే అడ్రినలిన్‌కు అన్నీ ఒకేసారి దొరికి దడ ముందుకన్నా గట్టిగా వస్తుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటూ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉండడం వల్ల కుప్పం మనిషి సంచిలో బెంగళూరు చీటీ, వేలూరు చీటీ, ఊళ్లో చీటీ కలిసి ఉంటాయి. ఒకే మెటొప్రొలాల్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో అమ్ముతుంది. రెండు చీటీల మాత్రలూ వేసుకుంటే మోతాదు రెట్టింపై నాడి 50 కిందికి పడి, లేచి నిలబడితే కళ్లు తిరగవచ్చు. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. మందు అసలు పేరు దాని దగ్గరే ఉంటుంది. చదవడం రాకపోతే బడికిపోయే పిల్లల చేత చదివించుకుని, రెండు అట్టల మీద అదే అసలు పేరు కనిపిస్తే రెండో మాత్ర వేసుకునేముందు డాక్టరును అడగాలి.