పట్టుబడక మునుపే బెయిలు

అరెస్టే కాని మనుష్యునికి బెయిలేమిటి? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత జ్ఞప్తికి రాక మానదు. సామాన్యులకే గాదు, న్యాయమూర్తులకు సైతము చిరకాల మీ సందేహమే యుండెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో నట్టి యధికారము స్పష్టముగ లేదు. నిర్బంధములో లేనివానిని విడుదల చేయుట పొసగదని తూర్పు పంజాబు హైకోర్టు 1949లో తీర్పు చెప్పెను. పెక్కు హైకోర్టుల యభిప్రాయము కూడ నదియే.

తర్కమున లోపము లేదు. కాని పల్లెలలో కక్షలు తర్కము ననుసరించి నడచునా? ఎన్నికల పోటీలోనో, గట్టు తగాదాలోనో ప్రత్యర్థిపై నొక ఫిర్యాదు పడవేసి, శుక్రవారము సాయంకాలమున పట్టించినచో చాలును. ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలిపినను, బెయిలు దరఖాస్తు వాదనకు వచ్చువరకు జైలే గతి. కేసు పిమ్మట కొట్టివేయబడవచ్చును. పోయిన పరువు తిరిగిరాదు. పలుకుబడి గలవారు తమ విరోధుల నవమానింపనెంచి దొంగకేసులలో నిరికించుచున్నారని 1969లో లా కమిషను చెప్పిన దీ సంగతియే. తత్ఫలితముగ 1973 నాటి కోడులో 438వ సెక్షను చేరి, 1974 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను.

ఆ సెక్షను సోమలింగము చిక్కును తేలికగ విడదీసెను. కోర్టు ఇప్పుడెవ్వరిని విడుదల చేయదు. బెయిలుకు వీలులేని నేరముపై అరెస్టు జరిగిన పక్షమున, ఆ క్షణముననే బెయిలుపై విడువవలెనని మాత్రము ముందుగ నాజ్ఞాపించును. ఈ యధికారము హైకోర్టుకును, సెషన్సు కోర్టుకును గలదు. పంజాబు మంత్రి గురుబక్ష్ సింగు సిబ్బియా కేసులో 1980లో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము, పోలీసులు కేసు నమోదు చేయక పూర్వమైనను కోరవచ్చుననెను. అయితే భయమునకు ఆధారము చూపవలెను. ఏ నేరమునకైనను పట్టరాదను గుత్త ఉత్తరువు దొరకదు. సామాన్యముగ దీనికి కాలపరిమితి యక్కరలేదని 2020లో మరియొక తీర్పు వచ్చెను. 2024 జూలై 1 నుండి నూతన సంహితలో నిది 482వ సెక్షను.

ఇంతటి రక్షణయు శాసనసభ దయపై నాధారపడినదే. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, ఉత్తరప్రదేశమున దీనిని తొలగించిరి. 2019 వరకు అచ్చటి ప్రజల కిది లేదు!

1989 నాటి షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము ఈ బెయిలును నిషేధించుట అన్యాయమని మన రైతులలో గొణుగువారు గలరు. వారితో మే మేకీభవింపజాలము. ఫిర్యాది నిందితుని పొలములోనే కూలికి పోవలసిన యూరిలో, నిందితుడు వెలుపల నుండగా సాక్ష్యము చెప్పువా డెవ్వడు? కారంచేడు (1985), చుండూరు (1991) ఎరిగినవారికి దీనిని విప్పిచెప్ప బనిలేదు. పైగా ఫిర్యాదులో నేరమే కనబడనిచో నిషేధము వర్తింపదని సుప్రీంకోర్టు 2020లో చెప్పియే యున్నది.

మా సందేహము వేరు. తనపై కేసు రానున్నదని ముందుగ తెలియుట కొక పరిచయము కావలెను. తెలిసిన నాడే ప్లీడరునకు ఫీజు చెల్లింప డబ్బు కావలెను. కూలివానికి కేసు సంగతి కానిస్టేబులు గుమ్మములో నిలిచినప్పుడు తెలియును. అప్పటికి ఈ సెక్షను గడువు గడచిపోయియుండును.