టోకెన్ వరుస నుండి టెలిఫోన్ వరుసకు

తెల్లవారుజామున అయిదు గంటలకే ఆసుపత్రి వరండాలో టోకెన్ కోసం నిలబడిన రోజులు మనలో చాలామందికి అనుభవమే. నైట్ షిఫ్టు ముగించుకొని, నిద్ర కళ్ళతో తల్లిదండ్రుల తరఫున ఆ బల్లలపై కూర్చున్న వారిలో మేమూ ఉన్నాము. అందుచేత టెలిఫోన్ ద్వారా అపాయింట్‌మెంట్ పొందే పద్ధతి వచ్చినపుడు మేమెంతో సంతోషించాము.

అయితే ఒక ఉదయం మా సంతోషం కొంత తగ్గింది. మా పొరుగున ఉండే విశ్రాంత ఫోర్‌మన్ గారు డెబ్బై దాటినవారు. ఎనిమిది గంటలకు ఆసుపత్రి లైను తెరచినది మొదలు ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఎంగేజ్ శబ్దమే. నలభై నిమిషాల తరువాత లైను దొరికేసరికి ఆనాటి అపాయింట్‌మెంట్లు అయిపోయినవి. “వరండాలోనైతే నా ముందు ఎంతమంది ఉన్నారో కనబడేది నాయనా, ఇక్కడ అదీ తెలియదు” అన్నారాయన. వరుస తొలగిపోలేదు, కంటికి కనబడకుండా పోయిందంతే.

ఇంజనీర్లకు ఈ చిక్కు కొత్తది కాదు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ సంస్థలో పనిచేసిన డేనిష్ గణితజ్ఞుడు ఎ. కె. ఎర్లాంగ్ 1917లోనే దీనికి సూత్రం ప్రకటించారు. గంటలో 60 కాల్స్ వస్తాయనీ, ఒక్కొక్కటి 3 నిమిషాలు సాగుతుందనీ అనుకుందాం. మొత్తం 180 నిమిషాల సంభాషణ, అంటే 3 లైన్లకు సరిపడే పని. కానీ కాల్స్ ఒకదాని వెంట ఒకటి క్రమంగా రావు, గుంపులుగా వస్తాయి. అందువల్ల 3 లైన్లు ఉన్నా నూటికి సుమారు 35 కాల్స్‌కు ఎంగేజ్ శబ్దమే మిగులుతుంది. విసుగుతో మళ్ళీ మళ్ళీ చేసే కాల్స్ ఈ లెక్కలో లేవు. వాటిని కలిపితే పరిస్థితి మరింత కష్టం.

లైన్లను 6కు పెంచితే విఫలమయ్యేవి నూటికి 5కు తగ్గుతాయి. అవే 60 కాల్స్ మూడు గంటలపాటు సమంగా వస్తే, ఉన్న 3 లైన్లతోనే ఆ సంఖ్య 6 అవుతుంది. కనుక ఖర్చుకంటే ముందు చేయవలసినది వేళలను సర్దడం. ఆనాటి అపాయింట్‌మెంట్లన్నీ ఎనిమిదింటికే ఇవ్వక, కొన్ని ముందురోజు సాయంత్రమే ఇవ్వవచ్చు. విశ్రాంత ఉద్యోగులకు ప్రత్యేక వేళ కేటాయించవచ్చు. ఫోన్ వాడలేని వారికోసం కౌంటరు వద్ద కొన్ని తప్పక ఉంచాలి.

అపాయింట్‌మెంట్ మాత్రమే కాదు, వైద్య సలహాయే ఫోనులో లభించే కాలమిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే 104 నంబరుపై ఆరోగ్య సలహా సేవ మొదలైనది. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో, ఫోన్, సందేశాల ద్వారా వైద్య సలహాకు దేశమంతటా స్పష్టమైన నియమాలు ఏర్పరచినవి. ఆ మరుసటి నెలలోనే కేంద్ర ప్రభుత్వ ఇ-సంజీవని ఓపీడీ సేవ ఆరంభమైనది. రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధులకు వాడుతున్న మందులను కొనసాగించడానికి ఇది ఎంతో అనుకూలం. ఫోన్ చాలునా, రోగిని స్వయంగా చూడాలా అన్నది మాత్రం వైద్యుని నిర్ణయమే. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం వంటి ప్రమాద వేళల్లో అపాయింట్‌మెంట్ కోసం వేచి ఉండరాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

యాజమాన్యం చేయవలసినది ఉన్నట్లే మనం చేయవలసినదీ ఉన్నది. మెడికల్ కార్డు నంబరు, వాడుతున్న మందుల పేర్లు ముందుగా కాగితంపై వ్రాసుకొని ఫోన్ చేద్దాం. 3 నిమిషాల సంభాషణ 2 నిమిషాలకు తగ్గితే, పై లెక్కలోని 35 విఫల కాల్స్ 21కి దిగుతాయి. రాలేకపోతే ముందుగా తెలియజేసి అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుందాం. మనం వదిలిన ఆ సమయం, ఎక్కడో ఒక పెద్దాయన నలభై నిమిషాలుగా ఎదురుచూస్తున్నది కావచ్చు.