మూడు తేదీల బిల్లు

బ్యాంకు యాప్‌లో రసీదు దాచుకోవడం నగరంలో చిటికెలో పని. అండమాన్ వ్యాపారికి మాత్రం ఫొటో ఒక్కటీ చాలదు

సరుకు చెన్నై రేవులో ఓడ ఎక్కక ముందే బిల్లు తయారవుతుంది. సముద్రం మీద ప్రయాణం రెండున్నర, మూడు రోజులే. కానీ ఎక్కించడానికి ముందు నిరీక్షణ, పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) దింపుడు, అక్కడి నుంచి లిటిల్ అండమాన్‌లోని హట్ బేకు మరో ఓడ. సముద్రం బాగోలేకపోతే ఇంకా ఆలస్యం. డబ్బు కొంత ముందు వెళ్తుంది, కొంత తర్వాత. ఇలా ఒక్క కొనుగోలుకు బిల్లుది ఒక తేదీ, చెల్లింపుది ఒకటి, సరుకు చేరినది మరొకటి.

వ్యాపార ఖాతాల యాప్‌లకు ఈ చిక్కు కొత్త. బ్రిటన్‌లో మోంజో, స్టార్లింగ్ వంటి బ్యాంకుల యాప్‌లలో చెల్లింపు పక్కనే రసీదు ఫొటో తగిలించుకోవచ్చు. ఒక చెల్లింపుకు ఒక రసీదు అన్న లెక్క. హోటల్ బిల్లుకు, పెట్రోలుకు అది బ్రహ్మాండంగా సరిపోతుంది. నాలుగు బిల్లుల బాకీని మూడు విడతల్లో తీర్చే హార్డ్‌వేర్ దుకాణానికి అది పనికిరాదు. అక్కడ ముందు బిల్లు నమోదు కావాలి, వెళ్లిన డబ్బును దానికి కొంచెం కొంచెంగా జమకట్టాలి.

ఇది పుస్తకాల నీటుదనం కోసం కాదు, డబ్బు కోసం. 18 శాతం జీఎస్టీ వర్తించే లక్ష రూపాయల సరుకు మీద పన్ను 18,000 రూపాయలు. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కింద దాన్ని సర్దుబాటు చేసుకోవాలంటే బిల్లు ఉండాలి, సరుకు చేతికందాలి. అమ్మినవారు చూపిన లెక్క కొన్నవారి జీఎస్టీఆర్-2బీలో కనబడాలన్న షరతు 2022 జనవరి నుంచి వచ్చి చేరింది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే వాడుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి, చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు. ఆ చెల్లింపు తేదీ అందరికంటే ముందు తెలిసేది బ్యాంకుకే. గడువు దగ్గరపడిందని వ్యాపారిని హెచ్చరించగల స్థానం దానిదే. ఉత్త ఫొటోల పెట్టె అంతమాత్రం చేయలేదు.

రెండో చిక్కు నెట్‌వర్క్. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక ఉపగ్రహం మీదే ఆధారపడే రోజులు పోయాయి. ఆ తీగ లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ దాకా వెళ్లింది. అయినా జెట్టీలో, ఓడలో సిగ్నల్ ఉంటుందన్న భరోసాతో యాప్ తయారు చేయడం తెలివైన పని కాదు. అదృష్టవశాత్తూ చేయవలసిన తనిఖీల్లో చాలావాటికి నెట్ అక్కర్లేదు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తమిళనాడుకు 33, ఆంధ్రప్రదేశ్‌కు 37, అండమాన్‌కు 35. చివరిది మిగతా 14 సరిగా ఉన్నాయో లేదో చెప్పే అక్షరం. మసక ఫొటోలో ఇంగ్లీషు ‘ఓ’ను సున్నాగా చదివితే ఫోనే పట్టేస్తుంది. 33తో మొదలైన నంబరు నుంచి 35కు సరుకు వస్తే బిల్లులో ఐజీఎస్టీ ఉండాలి, ద్వీపంలోనే కొంటే సీజీఎస్టీ, యూటీజీఎస్టీ. అన్నిటికన్నా ముఖ్యం, కొన్నవారి నంబరు బిల్లు మీద ఉందా అన్నది. అది లేకపోతే క్రెడిట్ ఆశ వదులుకోవలసిందే. ఈ సంగతి సరుకు రేవులో ఉండగానే తెలిస్తే ఫోన్ చేసి మార్పించుకోవచ్చు.

2023 ఆగస్టు నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలు ఇతర వ్యాపారులకిచ్చే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. దాని క్యూఆర్ కోడ్‌లో ఇద్దరి నంబర్లు, తేదీ, మొత్తం ఉంటాయి కాబట్టి చదవడం తేలిక. చేతిరాత బిల్లులతోనే తంటా. 2011 జనగణన ప్రకారం ద్వీపవాసుల్లో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. యాప్ అడిగే ప్రశ్న తెలుగులోనూ ఉంటే గుమాస్తా మీద భారం తగ్గుతుంది.

యాప్ తయారీదారులు తరచూ దాటవేసేది మరొకటుంది. లెక్కల పత్రాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అంటే 2024 ఏప్రిల్ నాటి బిల్లును 2031 డిసెంబరు దాకా. థర్మల్ కాగితం మీది అక్షరాలు అన్నాళ్లు నిలవవు, ఫొటోయే గతి. మధ్యలో వ్యాపారి బ్యాంకు మారితే? చట్టం దృష్టిలో బాధ్యత వ్యాపారిది, బ్యాంకుది కాదు. ఖాతా మూసే ముందు బిల్లులన్నీ చెల్లింపుల జాబితాతో సహా ఒకేసారి దించుకునే మీట ఆ యాప్‌లో ఉందో లేదో ఖాతా తెరిచే రోజే అడగాలి.