రాళ్లున్నాయని పెరుగు మానకండి

‘కిడ్నీలో రాయి ఉందన్నారు. రాయంటే కాల్షియమే కదా అని పాలూ పెరుగూ మానేశాను, మంచిదేనా?’ అని ఒక పాఠకురాలు రాశారు. మంచిది కాదు. ఎందుకు కాదో చెప్పే రసాయన శాస్త్రం ఎంతో అందమైనది.

మూత్రంలో కరిగి ఉన్న లవణాలు మోతాదు మించితే, ముదిరిన పాకంలో చక్కెర పలుకులు కట్టినట్టు స్ఫటికాలు కడతాయి. అవి పెరిగి గట్టిపడితే రాళ్లు. యూరిక్ ఆమ్లం రాళ్లూ, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే రాళ్లూ ఉన్నాయి గానీ, ఎక్కువగా కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. పేరులో కాల్షియం ముందుంది కాబట్టి నింద దాని మీద పడింది. ఆక్సలేట్ తప్పించుకుంది.

ఆక్సలేట్ కొంత మన కాలేయంలోనే తయారవుతుంది. కొంత పాలకూర, బాదం వంటి వాటి నుంచి వస్తుంది. ఒంటికి దానితో పనిలేదు, బయటికి పోవాల్సిందే. మలంతో పోతుందా, మూత్రంతో పోతుందా అన్నది చాలావరకు పేగులో తేలుతుంది. పాలకూర పప్పుతో పాటు పెరుగన్నమూ తిన్నారనుకోండి. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టేస్తుంది. ఆ రెండూ కలిసిన లవణం నీళ్లలో కరగదు, రక్తంలోకి ఇంకదు, మలంతో వెళ్లిపోతుంది. కిడ్నీలో రాయి కట్టే కలయికే పేగులో జరిగితే మనకు రక్ష అవుతోంది! పెరుగు మానేస్తే ఆక్సలేట్‌ను పట్టేవాళ్లు ఉండరు. అది పేగు గోడ దాటి రక్తంలో కలిసి కిడ్నీకి చేరుతుంది. అక్కడ కాల్షియం ఎలాగూ ఉంటుంది.

ఇది వైద్యులకూ చాలాకాలం పట్టుబడలేదు. రాళ్లొచ్చిన వారిని దశాబ్దాల పాటు పాలు తగ్గించమనే చెప్పారు. 1993లో హార్వర్డ్‌కు చెందిన గ్యారీ కర్హన్ బృందం 45 వేల మందికి పైగా పురుషులను గమనించి, ఆహారంలో కాల్షియం ఎక్కువున్న వారికే రాళ్లు తక్కువని చూపింది. 2002లో ఇటలీలోని పార్మాకు చెందిన లోరిస్ బోర్గీ బృందం, రాళ్లు తిరగబెట్టే 120 మంది మీద ఐదేళ్లు సాగిన ప్రయోగ ఫలితాలు వెల్లడించింది. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. మామూలుగా కాల్షియం తీసుకుంటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి. ఉప్పుకూ ఇందులో పాత్ర ఉంది. మూత్రంలోకి పోయే సోడియం కాల్షియాన్ని వెంటబెట్టుకుపోతుంది. ఇంత తెలిశాక కూడా మనం ఆవకాయనూ అప్పడాన్నీ వదిలేసి, ఏ ఆధారమూ లేకుండా టమాటా గింజలను అనుమానిస్తున్నాం.

కాబట్టి పెరుగు మానకండి, భోజనంతోనే తినండి. పరగడుపున వేసుకునే కాల్షియం మాత్ర ఈ పని చెయ్యదు. ఉప్పు తగ్గించండి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి. రాయి ఏ రకమో డాక్టరుతో పరీక్ష చేయించి తెలుసుకోండి, పథ్యం దాన్నిబట్టే ఉండాలి.