టపాసు పేలాక చెవిలో గుయ్‌మని ఎందుకు మోగుతుంది?

దీపావళి నాడు పక్కనే లక్ష్మీబాంబు ఢామ్మని పేలింది. వీధి సద్దుమణిగినా మీ చెవిలో మోత ఆగలేదు. ఎందుకు?

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంది. అందులో సుమారు 15,000 కణాలు, వాటి కొసన సన్నటి నూగు ఉంటాయి. శబ్దానికి నూగు కదిలితే మెదడుకు కబురు వెళ్తుంది. పెద్ద చప్పుడుకి ఆ నూగు తొక్కిన గడ్డిలా వాలిపోతుంది. కబుర్లు తగ్గేసరికి మెదడు మరింత గట్టిగా చెవి ఒగ్గుతుంది. అప్పుడు వినిపించేదే ఆ మోత.

కంగారు పడకండి, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా చప్పుళ్లకు, ఇయర్‌ఫోన్లకు దూరంగా ఉండండి. రాత్రి ఫ్యాను సవ్వడిలో మోత అంతగా తెలియదు. చెవిలో నూనె పోయొద్దు. మోత తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. వినికిడి మందగిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

పెద్ద చప్పుడుకి చెవిలోని ఈ కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అందుకే బాంబుకి దూరంగా నిలబడండి, చెవులు గట్టిగా మూసుకోండి!